ఆ కోటు ఎవరిది?

మీ రెజ్యూమేలో పెట్టిన పాస్‌పోర్టు ఫొటో ఒకసారి తీసి చూడండి. నల్ల కోటు, నీలం టై ఉన్నాయా? ఆ కోటు మీదేనా? చాలామందిది కాదు. నాదీ కాదు. అమీర్‌పేటలో ఓ స్టూడియో అన్న, నేను టీషర్టుతో వెళ్తే, కంప్యూటర్లో రెండు క్లిక్కులతో కోటు తొడిగేశాడు. మెడ దగ్గర కొంచెం తేడా కొడుతుంది గానీ ఎవరూ అడగలేదు. ఆ ఫొటోతో ఎన్ని కంపెనీలకు అప్లై చేశానో లెక్క లేదు. బీటెక్ అయ్యాక 14 నెలలు ఖాళీగా ఉన్నా.

ఆ ఖాళీలో అంటుకున్న అలవాటే పాత ఫొటోలు సేకరించడం. అన్ని రకాలూ కాదు. స్టూడియోకి వెళ్లి, కుర్చీలో నిటారుగా కూర్చుని, తలపాగా సర్దుకుని తీయించుకున్న పెద్దమనుషుల ఫొటోలు. ‘ఉద్యోగం వెతుక్కునేవాడికి ఇదేం పిచ్చి?’ అని మా నాన్న అడిగారు. మీరూ అడుగుతారు. ఈ పిచ్చిలో నేను చేసిన ఓ పెద్ద తప్పు గురించి చెప్తే, జవాబు అందులోనే దొరుకుతుందేమో చూడండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంత తెలిసే ఉంటుంది. షాపులు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ పుస్తకాలు పరుస్తారు. గేట్ పుస్తకం కోసం వెళ్లి, పాత ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం తిరగేస్తుంటే పేజీల మధ్య నుంచి అట్ట ముక్క జారింది. దాని మీద అతికించిన ఫొటో. కుర్చీలో ఒకాయన. జరీ తలపాగా, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, జేబులోంచి వేలాడే గడియారం గొలుసు, కుడిచెయ్యి కింద లావుపాటి పుస్తకం. వెనకాల పరదా మీద గీసిన స్తంభాలు, మెట్లు. అడుగున కోస్తా జిల్లాలోని ఓ స్టూడియో పేరు అచ్చొత్తి ఉంది. 100 చెప్పాడు, 40కి ఇచ్చాడు.

అప్పటికే నాకో టెక్ బ్లాగ్ ఉంది. ఫోన్ల రివ్యూలు రాసేవాణ్ని. ఆ రాత్రే ఫొటో స్కాన్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, కింద కొంచెం కత్తిరించి పెట్టేశా. ‘1880ల నాటి ఓ ఆంధ్ర జమీందారు’ అని శీర్షిక కూడా. ఫోన్ రివ్యూలకు రానన్ని లైకులు వచ్చాయి.

ఆ శీర్షికలో ఒక్క మాట కూడా నిజం కాదని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. అక్కడికి వెళ్లేముందు, ఈ అట్టల కథ కొంచెం తెలియాలి.

విజిటింగ్ కార్డుతో మొదలు

ఫొటోగ్రఫీ పుట్టింది 1839లో అంటారు. మొదట్లో వెండిపూత వేసిన రాగిరేకు మీద ఒక్కటే బొమ్మ వచ్చేది. దానికి కాపీ ఉండేది కాదు, ఖరీదు కూడా ఎక్కువే. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫర్ ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఒకే గాజుపలక మీద అనేక చిన్న బొమ్మలు తీసి, కాగితం మీద అచ్చువేసి, ముక్కలుగా కోసి అట్టకు అతికించడం అందులోని ఉపాయం. ఆ అట్ట సైజు సుమారు రెండున్నర అంగుళాలు బై నాలుగు, అంటే అప్పటి విజిటింగ్ కార్డంత. అందుకే ఫ్రెంచిలో దాన్ని ‘కార్ట్ దె విజిట్’ అన్నారు. ధర పడిపోయింది, కాపీలు పెరిగాయి. మనం ఇవాళ ప్రొఫైల్ ఫొటో మార్చినట్టు, అప్పటి మధ్యతరగతి జనం కార్డులు పంచుకుని ఆల్బమ్‌లలో పెట్టుకున్నారు. 1866 తర్వాత ఇంకాస్త పెద్దది వచ్చింది. సుమారు నాలుగుంబావు బై ఆరున్నర అంగుళాల ‘క్యాబినెట్ కార్డు’. నాకు దొరికింది ఆ సైజే. ‘1880లు’ అని నేను కొట్టిపారేయడానికి సైజు ఒక్కటే ఆధారం!

మన దేశానికి కెమెరా త్వరగానే వచ్చింది. బొంబాయిలో 1854లో, మద్రాసులో 1856లో ఫొటోగ్రఫీ సొసైటీలు పెట్టారు. మన పక్కన ఈ కథలో పెద్ద పేరు లాలా దీన్‌దయాళ్. ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి. 1844లో పుట్టిన ఆయన రూర్కీలోని థామ్సన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. అదే ఇప్పటి ఐఐటీ రూర్కీ. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా సర్కారీ కొలువు చేశారు. 1870ల్లో కెమెరా పట్టారు. ఆ తర్వాత కొలువు వదిలేసి సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. ‘రాజా’ అన్న బిరుదు నిజాం ఇచ్చిందే. 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. బ్రాంచి మార్చేసిన సీనియర్లను చూసి తెగ ఫీలయ్యేవాళ్లకు ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఆ రోజుల్లోనే ఇంకో రకం ఫొటోలూ తీశారు. 1868 నుంచి 1875 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేసింది. నాలుగొందలకు పైగా ఫొటోలు. మనుషుల్ని కులం, తెగ నమూనాలుగా నిలబెట్టి చూపించారు. చాలావాటి కింద మనిషి పేరు ఉండదు, జాతి పేరు ఉంటుంది. దీని పక్కన స్టూడియో ఫొటోను పెట్టి చూడండి. ఇక్కడ డబ్బిచ్చింది కుర్చీలో కూర్చున్నాయనే. ఎలా కనిపించాలో ఎంచుకుంది కూడా ఆయనే. కోటా, షేర్వానీనా? రూమీ టోపీనా, తలపాగానా? చేతిలో పుస్తకమా, కర్రా? ఆ ఫొటోల్లో నన్ను పట్టేసింది అదే. ఒక మనిషి తన గురించి తాను ఏం చెప్పుకోవాలనుకున్నాడో అందులో ఉంటుంది. మన రెజ్యూమే లాంటిదే అనుకోండి. రెజ్యూమేలో ఉన్నవన్నీ నిజాలు కానట్టే, ఫొటోలో ఉన్నవన్నీ ఆయనవి కావు.

అట్ట చెప్పే సంగతులు

చేతికి పాత ఫొటో రాగానే ముఖం చూస్తాం. నేను నేర్చుకున్న పద్ధతి వేరు. ముందు వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు, ఊరు, ‘నెగెటివ్ భద్రపరిచాం, కాపీలు ఎప్పుడైనా పొందవచ్చు’ లాంటి మాటలు, ఒక్కోసారి నెగెటివ్ నంబరు కూడా ఉంటాయి. ఎవరికి ఆస్థాన ఫొటోగ్రాఫరో వేసుకుంటే అదో తేదీ. ఉదాహరణకు దీన్‌దయాళ్ అట్ట మీద ‘రాజా’ అని అచ్చయి ఉంటే, ఆ అట్ట ఆయనకు బిరుదు రాకముందుది అయ్యే చాన్సే లేదు. సిరాతో ఎవరైనా రాసిన అక్షరాలు ఉంటే బంగారమే. కాకపోతే ఆ రాత ఎప్పటిదో వేరే చూసుకోవాలి. ఫొటో తీసిన యాభై ఏళ్లకు మనవడు రాసిందీ కావచ్చు.

తర్వాత కాగితం. 19వ శతాబ్దపు ఫొటోల్లో ఎక్కువ భాగం ఆల్బుమెన్ ప్రింట్లు. ఆల్బుమెన్ అంటే కోడిగుడ్డు తెల్లసొన. దాన్ని పలుచటి కాగితానికి పూసి, వెండి లవణాలతో వెలుతురుకు స్పందించేలా చేసేవారు. కాగితం మరీ పలుచన కాబట్టే అట్టకు అతికించక తప్పేది కాదు. అవి గోధుమ రంగులో ఉండి, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపెక్కుతాయి. 1890ల తర్వాత జెలటిన్ ప్రింట్లు వాటిని పక్కకు నెట్టాయి. అవి నలుపు తెలుపుకు దగ్గరగా ఉంటాయి. పాతబడితే నల్లటి చోట్ల అద్దంలా వెండి మెరుపు తేలుతుంది. ఫొటోను కిటికీ దగ్గర కొంచెం వాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. నా ‘జమీందారు’ కోటు నిండా ఆ మెరుపే. అంటే 1880 నాటిది కాదని ఫొటోయే అరిచి చెబుతోంది. నేను దాన్ని ‘స్కానర్ రిఫ్లెక్షన్’ అనుకుని ఎడిటింగ్‌లో తుడిచేశా.

అసలా, అచ్చువేసిన నకలా తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం చాలు. ప్రెస్సులో అచ్చయినదైతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఇంక్‌జెట్‌దైనా రంగుల చుక్కలు బయటపడతాయి. ఇక్కడ చెప్పిన రెండు రకాల అసలు ఫొటోల్లో చుక్కల వరస ఉండదు, నలుపు నుంచి తెలుపుకు నీడ మెత్తగా కరుగుతుంది. టీ నీళ్లలో ముంచి ముసలిదాన్ని చేసిన నకలు నాకూ ఒకటి అంటగట్టారు లెండి. భూతద్దం కొన్నది ఆ తర్వాతే.

ఇక బొమ్మలోకి. కాళ్ల దగ్గర చూడండి. పాత ఫొటోల్లో నిలబడ్డ మనిషి మడమల వెనక ఇనుప స్టాండు పాదం కనిపిస్తే కంగారు పడకండి. అప్పట్లో స్టూడియోలో పైకప్పు గాజులోంచి వచ్చే వెలుతురుతోనే పని. కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి కాబట్టి తలను వెనక నుంచి ఒక పట్టుతో ఆపేవారు. పెద్దమనుషులంతా సీరియస్‌గా ఉండటానికి గాంభీర్యం ఒక్కటే కారణం కాదు. అంతసేపు నవ్వు నిలపడం కష్టం.

దుస్తులతోనే అసలు చిక్కు. స్టూడియోల్లో వస్తువులు ఉంచి అరువిచ్చే అలవాటు ఒక్క మన దగ్గరే లేదు. ఆఫ్రికాలోని మాలి దేశంలో 1948లో బమాకో పట్టణంలో స్టూడియో తెరిచిన సేదు కేత ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన ఫొటోగ్రాఫర్. ఆయన దగ్గర యూరప్ తరహా సూట్లు, వాచీలు, రేడియో, స్కూటర్ ఉండేవి. వచ్చినవాళ్లు కావాల్సింది తొడుక్కుని, ఎక్కి కూర్చుని తీయించుకునేవారు. అందుకే ఇప్పుడు కోటు కనపడగానే సైజు చూస్తా. భుజం కుట్టు భుజం దగ్గరే ఉందా? చెయ్యి ఎక్కడిదాకా వచ్చింది? నా ఫొటోలో కోటు చేతులు వేళ్ల కణుపులు దాటి ఉన్నాయి. ఎడమచేతికి ఒక మడత పెట్టి లోపలికి దోపారు. 40 రూపాయలు పెట్టి కొన్న రోజు నుంచీ నా కళ్లముందే ఉంది ఆ మడత.

ఫోన్ కాల్

ఎనిమిది నెలల తర్వాత ఓ మధ్యాహ్నం తెలియని నంబరు. కంపెనీ వాళ్లేమో అని గొంతు సవరించుకుని ఎత్తా. పెద్దాయన గొంతు. రిటైరైన లెక్కల మాస్టారు. మనవరాలు ఫోన్లో నా బ్లాగ్ చూపించిందట.

‘‘బాబూ, నువ్వు పెట్టిన ఫొటోలో ఉన్నది మా తాతయ్య. జమీందారు కాదు నాయనా. తాలూకా కచేరీలో బంట్రోతు’’ అన్నారు.

నేను నమ్మలేదు. మర్యాదగానే ‘‘ఎలా చెప్పగలరు సార్?’’ అన్నా.

‘‘ఇదే ఫొటో మా ఇంట్లో గోడకు ఉండేది. తుపాను నీళ్లకు అద్దానికి అతుక్కుపోతే మా అన్నయ్య లాగాడు, ముఖమంతా ఊడిపోయింది. నువ్వు ఫొటో కింద కత్తిరించావు కదా. అసలుది నీ దగ్గరుంటే పాదాలు చూడు. ఎడమకాలికి చిటికెన వేలు ఉండదు. చిన్నప్పుడు బండి చక్రం కింద పడింది.’’

కత్తిరించింది నేనే. కోటు, గొలుసు, తలపాగా ఉన్న మనిషి కింద వట్టి పాదాలు ఉంటే ‘లుక్’ పోతుందని తీసేశా. నిజానికి చెప్పుల్లేకపోతే పేదవాడని కాదు. ఆ రోజుల్లో ఉన్నవాళ్లూ బయట చెప్పులు విడిచి ఫొటోకు కూర్చున్నారు. నేను అంత ఆలోచించలేదు. నా శీర్షికకు అడ్డొచ్చాయి, తీసేశా, అంతే. ఫోన్ పట్టుకునే అట్ట తీసి భూతద్దం పెట్టా. ఎడమపాదానికి నాలుగు వేళ్లు.

కాసేపు మాటరాలేదు నాకు. మాస్టారే చెప్పుకుంటూ పోయారు. తీసింది 1930ల్లో. తాతయ్య తమ్ముడు రంగూన్‌లో మిల్లులో పనికి వెళ్లాడు. తెలుగు జిల్లాల నుంచి వేలమంది బర్మాకు వలస వెళ్లిన కాలం అది. అన్న ఎలా ఉన్నాడో చూడాలని ఉందని ఉత్తరం రాస్తే, ఈయన పట్నం వెళ్లి ఫొటో తీయించి పంపాడు. కోటు, గొలుసు, పుస్తకం స్టూడియోవి. గొలుసు చివర గడియారం లేదట. తలపాగా మాత్రం సొంతం, పెళ్లినాటిది. ‘‘తమ్ముడు దిగులుపడకూడదని కోటేసుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది’’ అన్నారు. రంగూన్‌కు పంపిన కాపీయే చేతులు మారి ఆబిడ్స్‌కు చేరిందా, ఇంకేదైనా కాపీయా అన్నది మాస్టారికీ తెలియదు.

బ్లాగ్‌లో ఆ పోస్టు తీసేద్దామనుకున్నా. ‘‘తీసెయ్యకు, సరిచెయ్యి’’ అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు కదా.

మూడు గడుల పద్ధతి

ఆ రాత్రి నా స్ప్రెడ్‌షీట్ అంతా మళ్లీ రాశా. అప్పటికి నా దగ్గర 30 దాకా ఫొటోలున్నాయి. ఒక్కో ఫొటోకు మూడు గడులు. మొదటిది ‘కనిపించింది’: సైజు, కాగితం, వెనక అచ్చు, దుస్తులు. రెండోది ‘ఎవరో చెప్పింది’: ఎవరు, ఏ రోజు, ఏ బంధుత్వంతో చెప్పారు. మూడోది ‘నేను అనుకుంటున్నది’: ఎందుకు అనుకుంటున్నానో కూడా. ఈ మూడూ కలిపేస్తే జమీందార్లు పుడతారు. ఎక్కడ కొన్నానో, ఎంతకో, ఏ పుస్తకంలో దొరికిందో కూడా రాస్తున్నా. ఆ గ్రామర్ పుస్తకాన్ని మాత్రం ఆ రోజు అక్కడే వదిలేశా. దాని మొదటి పేజీలో ఎవరి పేరుందో చూడలేదు. ఇప్పటికీ మంట నాకు.

రాసిపెట్టడం ఎంత పని చేస్తుందో లండన్‌లో చూడండి. 1859 నుంచి 1868 దాకా అక్కడ స్టూడియో నడిపిన కమీల్ సిల్వి, తీసిన ప్రతి ఫొటో కాపీని నంబరు వేసి, పేరు రాసి రిజిస్టర్లలో అతికించాడు. దాదాపు 17,000 సిట్టింగులు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు అక్కడి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. ఆయన తీసిన కార్డు ఎక్కడ దొరికినా ఎవరిదో వెతుక్కోవచ్చు. మన కోల్‌కతాలో బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో వంద దాటి ఎన్నో ఏళ్లు నడిచింది. 1991 అగ్నిప్రమాదంలో దాని పాత నిధి చాలావరకు కాలిపోయింది. 2016లో స్టూడియోయే మూతపడింది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే సంతకు పరిగెత్తక్కర్లేదు. ముందు మీ ఇంట్లో అటక మీద, అమ్మమ్మ ట్రంకుపెట్టెలో చూడండి. స్కానింగ్ గురించి టెక్ బ్లాగర్‌గా ఇంత చెప్పగలను. ఫోన్ యాప్ వద్దు, ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. క్యాబినెట్ సైజుకు 600 డీపీఐ, చిన్న కార్డుకు 1200. నలుపు తెలుపు ఫొటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి, మరకల రంగు కూడా ఆధారమే. అట్ట అంచులతో సహా, వెనకవైపు కూడా. ఆటో కరెక్షన్ ఆపేయాలి. టిఫ్ ఫైలుగా దాచి, దాన్ని ముట్టుకోకుండా జేపెగ్ కాపీ మీద ఆడుకోండి. ముఖాన్ని ‘క్లియర్’ చేసే ఏఐ యాప్‌ల జోలికి వెళ్తే జాగ్రత్త. పాత ముఖాన్ని అవి బాగుచెయ్యవు, ఎక్కడో నేర్చుకున్న ముఖాల్లోంచి కొత్త కళ్లు, కొత్త పళ్లు కల్పించి పెడతాయి. రంగులు వేసే యాప్‌లూ అంతే, తలపాగా ఎరుపో ఆకుపచ్చో వాటికి తెలియదు. చేసుకుంటే చేసుకోండి. వేరే ఫైలుగా, ‘ఏఐ వేసిన రంగు’ అని పేరులోనే రాసి పెట్టండి.

ఫొటోకు చేయకూడనిది ఒకే ఒక్కటి చెప్పమంటే లామినేషన్ అంటా. మన ఊళ్లలో ప్రేమ ఎక్కువైతే లామినేషన్ చేయిస్తారు. వేడికి, జిగురుకు అది ఇక వెనక్కి రాదు. సెల్లోటేపు, జిగురు షీట్ల ఆల్బమ్, వెనక బాల్‌పెన్ రాత కూడా వద్దు. రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, తడి, ఎండ, సిల్వర్‌ఫిష్ పురుగులు చేరని చోట ఉంచితే చాలు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగకండి. అద్దం మీంచే స్కాన్ చేయండి. మాస్టారి ఇంట్లో ఆ ఒక్క సంగతి తెలిసుంటే ఆయనకు తాతయ్య ముఖం మిగిలేది.

చట్టాలూ ఉన్నాయి. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం కింద ఎవరికిపడితే వాళ్లకు కుదరదు. ఆన్‌లైన్‌లో విదేశీ కొనుగోలుదారు ఆశ పెడితే గుర్తుంచుకోండి. ఫొటోకు కాపీరైటు మన చట్టం ప్రకారం 2012 సవరణ దాకా ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉండేది, ఇప్పుడు మామూలుగా ఫొటో తీసినవారు చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. అట్ట మీ సొంతం అయినంత మాత్రాన బొమ్మ హక్కు మీది కాదు.

‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ అనేది మీ అసలు ప్రశ్న. సూటిగా చెప్తా: పాత ఫొటోల మీద బతికే కొలువులు తక్కువ, జీతాలూ సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గవి కావు. ఇష్టం ఉన్నవాళ్లకు దారి మాత్రం ఉంది. నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్ పీజీలు ఉన్నాయి. జాతీయ అభిలేఖాగారం నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఢిల్లీలో ఉంది. వస్తు పరిరక్షణ పరిశోధనకు లక్నోలో జాతీయ ప్రయోగశాల ఉంది. ఢిల్లీ ఆల్కాజీ ఫౌండేషన్, బెంగళూరులో 2023లో తలుపులు తెరిచిన మ్యాప్ మ్యూజియం పాత ఫొటోల మీదే చాలా పని చేస్తున్నాయి. హైదరాబాద్‌లో ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఒక పూట వెళ్లి, కాగితాలు ఎలా దాస్తారో చూసి రండి. కంప్యూటర్ తెలిసినవాళ్లకు వీటిలో డిజిటైజేషన్ పని ఉంటుంది.

నా సంగతికొస్తే, నాకు వచ్చింది డేటా క్వాలిటీలో ఉద్యోగం. ఫొటోల వల్లే వచ్చిందని చెప్పను. కానీ ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో ఫెయిలైంది చెప్పండి’ అన్నప్పుడు, ఇంటర్నెట్‌లో దింపుకున్న ఫైనలియర్ ప్రాజెక్టు గురించి కాకుండా, జమీందారు గురించి చెప్పా. మూడు గడుల షీటు లాప్‌టాప్‌లో తెరిచి చూపించా. ప్యానెల్లో ఒకావిడ ‘ఈ మూడో గడి మా దగ్గర ఎవరూ రాయరు’ అన్నారు. పాస్‌పోర్టు ఫొటోలో కోటు సంగతి మాత్రం వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మాస్టారి ఇంటికి

మొదటి జీతం వచ్చాక మాస్టారి ఊరు వెళ్లా. అసలు ఫొటో ఇచ్చేద్దామని. సేకరించేవాడిగా కొంచెం బాధగానే ఉంది, దాచనెందుకు. నా దగ్గరున్న వాటిలో పేరు దొరికింది అదొక్కటే. మాస్టారి భార్య కాఫీ ఇచ్చారు. గోడ మీద పాత ఫ్రేము అలాగే ఉంది. అద్దానికి అంటుకున్న తలపాగా, కింద ఖాళీ కాగితం. అందులో పాదాలు మాత్రం చెక్కుచెదరలేదు.

మాస్టారు కవరులోంచి అట్ట తీసి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి నాలుగు పది రూపాయల నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. వద్దన్నా వినలేదు. ‘‘కొన్నది కొన్నట్టే ఉండాలి. లెక్కలో రాసుకో’’ అన్నారు.

‘‘పేరు చెప్పండి మాస్టారూ, కవరు మీద రాస్తా’’ అని పెన్సిల్ తీశా.

‘‘ఇంటిపేరుతో సహా రాయి’’ అన్నారు. రాశా. ఊరు రాశా. తాలూకా కచేరీ బంట్రోతు అని రాశా. ‘‘కోటు?’’ అని అడిగా.

‘‘కోటు స్టూడియోది అని రాయి. తలపాగా ఆయనదే అని కూడా రాయి.’’